ఒక చేత సుద్దముక్క.. మరో చేత స్టాప్‌వాచ్

మిషన్ పాఠశాలల్లో చదివిన వారికి 'బ్రదర్' అన్న పిలుపు సుపరిచితమే. అయితే ఫాదర్‌కు, బ్రదర్‌కు గల భేదం అనేకులకు తెలియదు. ఫాదర్ గురుపట్టం పొంది దివ్యబలిపూజ సమర్పిస్తారు. బ్రదర్‌కు ఆ బాధ్యత ఉండదు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్లు స్వీకరించి, సభ అప్పగించిన బడిలోనో, ఆసుపత్రిలోనో జీవితాంతం సేవ చేస్తారు. (గురువిద్యార్థులను సైతం బ్రదర్ అని పిలవడం పరిపాటి. అది వేరు.) ఆటలంటే ప్రాణమిచ్చే యువకుడు ఈ మార్గంలో అడుగుపెడితే మైదానాన్ని వదులుకోవలసిందేనా? అక్కర్లేదనడానికి కెన్యాలోని ఐటెన్ పట్టణమే నిదర్శనం.

భూగోళం మాస్టారు

ఐటెన్ సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి సెయింట్ పాట్రిక్స్ ఉన్నత పాఠశాలకు 1976లో ఐర్లండ్ నుంచి బ్రదర్ కోలమ్ ఓకానెల్ భూగోళశాస్త్రం బోధించడానికి వచ్చారు. ఆయన పాట్రీషియన్ బ్రదర్స్ సభకు చెందినవారు. 1808లో ఐర్లండ్‌లో ఏర్పడిన ఈ సభ మనకు మరీ దూరమైనదేమీ కాదు. చెన్నై అడయార్‌లోని సెయింట్ పాట్రిక్స్ పాఠశాల వీరిదే.

ఓకానెల్‌కు అథ్లెటిక్స్‌లో ఎటువంటి శిక్షణా లేదు. బడిలో పరుగు నేర్పుతున్న పీటర్ ఫోస్టర్‌కు తొలుత సహాయకుడిగా నిలిచారు. ఆయన స్వదేశానికి వెళ్లిపోయాక ఆ బాధ్యతను తామే తలకెత్తుకున్నారు. పుస్తకాలకంటే పిల్లల అడుగులను చూసే ఎక్కువ నేర్చుకున్నారు.

ఫలితాలు ప్రపంచానికి తెలిసినవే. ఆ బడిలో చదివిన పీటర్ రోనో 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల స్వర్ణం గెలిచారు. 1992 బార్సిలోనాలో స్టీపుల్‌చేజ్ విజేత మాథ్యూ బిరిర్ కూడా అక్కడి విద్యార్థే. పేరు తెచ్చిన పూర్వ విద్యార్థుల గుర్తుగా ఆవరణలో ఒక్కో మొక్క నాటడం ఆనవాయితీ. తర్వాతి కాలంలో ఓకానెల్ సెలవుల్లో బాలబాలికలకు శిబిరాలు నిర్వహించారు.

ఆ శిబిరాలకు వచ్చిన మసాయి కుర్రవాడే డేవిడ్ రుడీషా. 400 మీటర్లు పరుగెత్తే అతడిని ఓకానెల్ 800 మీటర్లకు మళ్లించారు. 2006లో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచిన రుడీషా, గాయం కారణంగా 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు దూరమయ్యారు. గురుశిష్యులు తొందరపడలేదు. 2010లో విల్సన్ కిప్‌కేటర్ పేరిట ఉన్న ప్రపంచ రికార్డును రుడీషా అధిగమించారు. కిప్‌కేటర్ సైతం సెయింట్ పాట్రిక్స్‌లో చదివినవారే కావడం విశేషం! 2012 లండన్‌లో 1 నిమిషం 40.91 సెకన్లలో స్వర్ణం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆ సమయాన్ని ఎవరూ అందుకోలేకపోయారు.

సాధారణంగా కోచ్ బతుకు శిష్యుడి పతకంతో ముడిపడి ఉంటుంది. ఫలితం చూపకపోతే కొలువు ఊడుతుంది. అందుకే పదహారేళ్ల పిల్లవాడిపై మోయలేని భారం వేసేవారు ఎక్కువ. పేదరికపు మాటపట్టు పుచ్చుకున్న వ్యక్తికి సొంత ఆస్తి కూడబెట్టుకునే అవసరం లేదు. నాలుగేళ్లు వేచి ఉండే ఓర్పు ఓకానెల్‌కు అబ్బడంలో ఈ జీవన విధానానికీ పాత్ర ఉందనుకోవచ్చు.

దారి ఎలా?

సభలో చేరదలచిన వారికి నవశిష్యరికం కనీసం 12 నెలలు. అనంతరం తాత్కాలిక మాటపట్లు కనిష్ఠంగా మూడేళ్లు. ఆ పిమ్మటే శాశ్వత మాటపట్లు. పెద్దల అనుమతితో బీపీఎడ్ గానీ, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా గానీ చేయవచ్చు. గృహస్థులుగా ఉంటూనే మిషన్ బడిలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసే మార్గం ఎలాగూ ఉంది. క్రీడలు విశ్వాసానికి అడ్డన్న అపోహ తిరుసభలో లేదు. 2018లో వాటికన్ క్రీడలపై ప్రత్యేక పత్రం వెలువరించింది. మరుసటి ఏడాది గురువులు, కన్యాస్త్రీలు, స్విస్ గార్డులు, ఉద్యోగులతో సొంత అథ్లెటిక్స్ జట్టునూ ప్రకటించింది.

చేరేవారు ముందే తెలుసుకోవలసింది విధేయత సంగతి. పదేళ్లు శ్రమించి జట్టును తీర్చిదిద్దాక సభ మరో ఊరికి పంపితే మారుమాటాడకుండా వెళ్లాలి. ఓకానెల్‌ను మాత్రం దశాబ్దాల తరబడి ఐటెన్‌లోనే ఉండనిచ్చారు.