దక్కన్ ఎయిర్‌వేస్: ఒక సంస్థానపు విమానములు

సెంటినరీ కాలనీ మీదుగా అప్పుడప్పుడు మిక్కిలి ఎత్తున విమానములు సాగిపోవుచుండును. బొగ్గులారీల రొదలో వాటి ధ్వని వినబడదు. తెల్లని చార మాత్రమే కంటికి ఆనును. ఈ గనులకును, ఒక విమాన సంస్థకును ఒకనాడు ఏలిక ఒక్కరేయని చెప్పినచో శ్రోతలకు వింతగా తోచవచ్చును. సింగరేణి కంపెనీ వాటాలలో అధికభాగమును నిజాము కొనినది 1945లో. ఆ సంవత్సరముననే హైదరాబాదులో దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపింపబడినది. గనుల కంపెనీ నేటికిని ప్రభుత్వ సంస్థగా నిలిచియున్నది. విమాన సంస్థయో, ఎనిమిదేండ్లకే తన పేరు కోల్పోయినది. ఇట్లేల జరిగినదో విచారింతము.

ఐరోపా దేశములు విమాన సంస్థను తమ జెండాకు గుర్తుగా భావించినవి. హాలెండువారి కె.ఎల్.ఎమ్. 1919లో పుట్టి అదే పేరుతో నేటికిని ఎగురుచున్నది. బెల్జియమువారి సబేనా 1923లో పుట్టి, 2001లో దివాలా తీసినది. హైదరాబాదు సంస్థానమునకును అట్టి కోరిక కలుగుటలో ఆశ్చర్యము లేదు. 1930లో నిజాము ప్రభుత్వము రైల్వేను తన చేతిలోనికి తీసికొనినది. 1932లో ఆ రైల్వే శాఖయే 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించినది. పట్టాలైనవి, బాటలైనవి, ఇక మిగిలినది ఆకాశము. టాటావారి విమాన సంస్థను భాగస్వామిగా చేర్చుకొని, పెద్దవాటా తనయొద్దనే ఉంచుకొని, బేగంపేట విమానాశ్రయము కేంద్రముగా సంస్థానము ఆ ముచ్చటను తీర్చుకొనినది.

అందుకు కాలము కూడ అనుకూలించినది. రెండవ ప్రపంచయుద్ధము ముగియగనే సైన్యమునకు అక్కరతీరిన డకోటా విమానములు అమ్మకమునకు వచ్చినవి. రెండు ఇంజనులు గల ఆ విమానములో ఇరువది యొక్కరు మొదలు ఇరువది యెనిమిదిమంది వరకు కూర్చుండవచ్చును. లోపలి గాలి ఒత్తిడిని నిలుపు ఏర్పాటు దానికి లేదు; కావున మబ్బులకు పైగా ఎగురజాలక, ఎండవేళ గాలి కుదుపులకు ఊగుచు పోయెడిది. అయినను కచ్చా నేలపై సయితము దిగగల దృఢమైన యంత్రమది. దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు హైదరాబాదును మద్రాసు, బెంగుళూరు, నాగపూరు, ఢిల్లీ నగరములతో కలిపినవి.

ఆ సంస్థ చేసిన మరియొక పని చరిత్రలో నిలిచినది. 1947లో వాణిజ్య విమానములు నడుపుటకు అర్హత పొందిన ప్రేమ్ మాథుర్‌ను, స్త్రీయను కారణమున పలు సంస్థలు చేర్చుకొనలేదు. ఆమెకు ఉద్యోగమిచ్చినది దక్కన్ ఎయిర్‌వేస్. భారతదేశమున వాణిజ్య విమానము నడిపిన మొదటి మహిళ ఆమెయే. 1949లో జాతీయ విమాన పందెమును గెలిచి, తనయందుంచిన నమ్మకమును ఆమె సార్థకము చేసినది.

మరి ఇట్టి సంస్థ ఏల నిలువలేదు? గనులలో పనిచేయువారికి ఈ విషయము సులభముగా బోధపడును. నేడు అమ్ముడుపోని బొగ్గు రేపటికి కుప్పలో ఉండును. నేడు అమ్ముడుపోని సీటు, విమానము నేలవిడిచిన క్షణముననే నశించును. నిండుగా పోయినను, సగము ఖాళీగా పోయినను పెట్రోలు ఖర్చులో భేదము స్వల్పము. చోదకుల జీతము, మరమ్మతు, విమానాశ్రయపు రుసుము తగ్గనే తగ్గవు. కనుక విమాన సంస్థకు ప్రాణము జెండా కాదు, ప్రయాణికులు.

యుద్ధానంతరము డకోటాలు చౌకగా దొరకుటచే దేశమున సంస్థలు అనేకము వెలసినవి. ప్రయాణికులు మాత్రము అంతగా పెరుగలేదు. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము సంస్థలు అవసరమునకు మించియున్నవని తేల్చినది. తుదకు పార్లమెంటు 1953లో చట్టము చేసినది. ఆ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన దక్కన్ ఎయిర్‌వేస్‌తో కూడ ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనవి. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిరిండియాలో కలిసినది. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల పరమైనది. 1945లో హైదరాబాదుతో చేయి కలిపినవారి యింటికే ఆ వారసత్వము తిరిగి చేరుట కాలవైచిత్రి. బేగంపేట బాధ్యతను 2008లో శంషాబాదు స్వీకరించినది.

ఈ కథ మనకు దూరపుది కాదు. రామగుండమునకు సమీపమున బసంత్‌నగర్‌లో విమానములు దిగు బాట యొకటి కలదు. 1980వ దశకమున వాయుదూత్ అను ప్రభుత్వ సంస్థ విమానములు అచ్చటికి వచ్చి పోయెడివి. చిన్న ఊళ్లను కలుపుటకై 1981లో ఏర్పడిన ఆ సంస్థ, ఖాళీ సీట్ల భారము మోయలేక 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. హైదరాబాదు ఇచ్చటికి రెండువందల పైచిలుకు కిలోమీటర్లు. రైలు పూటలో చేర్చును. అంతటి దగ్గరి ప్రయాణమునకు విమానపు టిక్కెట్టు కొనువారు నిత్యము ఎందరు?

విమానము కావలెనని గనుల ప్రాంతము కోరుటలో తప్పు లేదు. ప్రాణాపాయమున ఉన్న కార్మికుని నగరపు వైద్యశాలకు చేర్చుటలో గంటకు గల విలువను ఇచ్చటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే విమానాశ్రయమును అడుగునపుడే మరియొక ప్రశ్నయు అడుగవలెను: ఖాళీగా ఎగురు సీట్ల ఖర్చును ఎవరు, ఎన్నేండ్లు భరింతురు? ఈ ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పిన ఏర్పాటే నిలుచును. చెప్పనిచోట బాట మిగులును, విమానము మిగులదు.