బొండం దింపేవాళ్లకే బొండం వద్దన్న జబ్బు

పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే దారి పొడుగునా కొబ్బరితోటలు, వాటి సందుల్లో జీడిమామిడి, పనస. ఉద్యానం అన్న మాటే జనం నోట్లో నలిగి ఉద్దానం అయిందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... శ్రీకాకుళం జిల్లా ఈశాన్యపు కొసన ఉన్న ఈ మండలాల్లో బొండానికి కరువు లేదు. కానీ ఇక్కడ చాలామందిని పట్టిన కిడ్నీ జబ్బు ముదిరి డయాలసిస్ మీద ఉన్న మనిషి దాన్ని ముట్టుకోకూడదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పనసతొనల్లోనూ అంతే. జీడిపప్పులో దానికి తోడు ఫాస్ఫరస్. ఉద్దానం పండించే మూడింటినీ ఉద్దానం రోగి పథ్యంలోంచి డాక్టరు కొట్టేస్తాడు.

నిజానికి పొటాషియం ఒంటికి కావలసిందే. కిడ్నీలు బాగున్నన్నాళ్లూ అవసరానికి మించినది మూత్రంలో పోతుంది. ఆ దారి మూసుకుపోతే రక్తంలో పేరుకుని గుండె లయను చెడగొడుతుంది, ముందస్తు హెచ్చరికేదీ లేకుండానే ఒక్కోసారి గుండెను ఆపేస్తుంది.

పిడికిలంత ఉండే ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రెండూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్లు వడగట్టి, లీటరున్నర మాత్రం బయటికి పంపి, తక్కినదంతా వెనక్కి తీసుకుంటాయి. రక్తం పట్టడానికి కావలసిన ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోను కూడా ఎక్కువగా అక్కడే తయారవుతుంది. కిడ్నీ రోగి పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది అందుకే. ఇంత పనిచేసే అవయవం సగం చెడినా మనిషికి ఏమీ తెలియదు. ఆకలి మందగించి, వాంతులు పట్టుకుని, ఎందుకైనా మంచిదని పరీక్ష చేయిస్తే 'రక్తంలో క్రియాటినిన్ పెరిగింది' అంటారు. అప్పటికే చాలా ఆలస్యమై ఉండొచ్చు.

ఇక్కడొక తేడా తెలుసుకోవాలి. పాము కాటు, విపరీతమైన విరేచనాలు, ఎలుక జ్వరం లాంటివాటితో హఠాత్తుగా ఆగిపోయిన కిడ్నీలు కొద్దిరోజుల డయాలసిస్‌తో మళ్లీ తేరుకోవచ్చు. ఏళ్ల తరబడి అరిగిపోయినవి తేరుకోవు. 'డయాలసిస్ మొదలుపెడితే ఇక ఆపడం ఉండదు' అనే భయంతో మొదటిరకం రోగులు కూడా వెనకాడటం అన్యాయం.

మిగతా చోట్ల కిడ్నీలు చెడటానికి మొదటి ముద్దాయిలు షుగరూ, బీపీ. ఉద్దానంలో చాలామందికి ఈ రెండూ ఉండవు. తోటల్లో, పొలాల్లో వంచిన నడుము ఎత్తకుండా పనిచేసే మనుషులకే జబ్బు వస్తోంది. భూగర్భజలాల్లో సిలికా అనీ, పురుగుమందులనీ, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడమనీ, ఒళ్లునొప్పులకి మింగే బిళ్లలనీ అనుమానాలు చాలా ఉన్నాయి. ఏ ఒక్కటీ దోషిగా తేలలేదు. శ్రీలంకలో అనురాధపురం చుట్టుపక్కల వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకీ ఇలాంటి జబ్బే. మూడు చోట్లా మండే ఎండ, ఒళ్లు హూనమయ్యే పని.

కారణం తేలకపోయినా వైద్యం ఆగదు కదా. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు ఊళ్లకి తెచ్చే పథకం ప్రారంభమైందీ ఆ రోజే.

డయాలసిస్ పుట్టుక యుద్ధకాలం నాటిది. నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ అనే డాక్టరు, మాంసపు సాసేజీలకి తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని కొయ్యపీపాకి చుట్టి, 1943లో మొదటి యంత్రం నడిపాడు. దాని మీద ప్రాణం నిలిచిన మొదటి రోగి కోసం 1945 దాకా ఆగాల్సి వచ్చింది. నేటి యంత్రంలోనూ సూత్రం అదే: పలచని పొరకి ఒకపక్క రక్తం, ఇంకోపక్క శుద్ధిచేసిన ద్రావణం, మలినాలు అటు నుంచి ఇటు. నాలుగు గంటల డయాలసిస్‌కి ఒక్క మనిషికి దాదాపు 120 లీటర్ల ద్రావణం పారుతుంది. ఇలా వారానికి రెండు మూడుసార్లు.

దీనికి ముందు చేతిలో ఒక దారి వేయాలి. మణికట్టు దగ్గర ధమనిని సిరకి కలిపి కుట్టేస్తారు. అదే ఫిస్టులా. కొన్ని వారాల్లో సిర లావెక్కుతుంది. వేలు ఆనిస్తే లోపల తుమ్మెద చిక్కుకున్నట్టు సన్నగా అదురుతుంది. రోగి పొద్దున లేవగానే చూసుకోవలసింది ఆ అదురునే. అది ఆగితే ఆసుపత్రికి పరుగే. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, రక్తం తీయకూడదు, బరువులు మోయకూడదు. బరువులు మోసే పని తప్ప వేరే పని లేనివాడికి ఈ చివరి మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టం.

వంటింట్లో లెక్కలు వేరు. తాగే నీళ్లకి హద్దు ఉంటుంది; చారు, మజ్జిగ, టీ అన్నీ ఆ నీళ్ల ఖాతాలోకే. ఆవకాయ ఉప్పు దాహం పెంచుతుంది కాబట్టి అదీ వద్దు. పొటాషియం తగ్గేలా కూర ముక్కల్ని ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు తాలింపు పెట్టాలి. కూర ఉడికిన నీళ్లలోనే సత్తువంతా ఉందని వింటూ పెరిగిన ఇల్లాలికి ఆ గిన్నె వంచడానికి చెయ్యి రాదు.

ఇంటి దగ్గరే చేసుకునే డయాలసిస్ ఒకటుందని చాలామంది వినను కూడా వినరు. పొట్టలోకి మెత్తని గొట్టం అమర్చి, రెండేసి లీటర్ల ద్రావణం ఎక్కించి, కొన్ని గంటలయ్యాక దించేయడం, రోజుకి మూడు నాలుగుసార్లు. హాంకాంగ్ 1985 నుంచి దీనికే మొదటి పీట వేసింది. చేతులు శుభ్రంగా లేకపోతే పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తుంది, సంచుల ఖర్చూ ఉంది. అయినా డయాలసిస్ సెంటరుకి రానూపోనూ ఒక పూట పట్టే పల్లెల్లో దీని మాట ఇంకా గట్టిగా వినబడాలి.

ఇక కిడ్నీ మార్పిడి సంగతి. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే అనే డాక్టరు కవలల్లో ఒకరి కిడ్నీ ఇంకొకరికి అమర్చి గెలిచాడు. మన దేశంలో 1971లో వెల్లూరు సీఎంసీ సాధించింది. పాతవి సాధారణంగా తీయరు, కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు. చట్టం ప్రకారం ఇవ్వడానికి ముందు వరస జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాత అమ్మమ్మలు. ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఈ లెక్క ఎందుకలా ఉందో ఏ ఇంట్లో అడిగినా జవాబు దొరుకుతుంది. ఇంట్లో ఎవరిదీ సరిపడకపోతే బ్రెయిన్ డెడ్ అయినవారి కిడ్నీ కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని ఎదురుచూడాలి.

కొత్త కిడ్నీ కుదురుకుంటే పథ్యం చాలావరకు సడలుతుంది. మూత్రం ధారగా వస్తుంది, నీళ్లు కడుపునిండా తాగమంటారు. కానీ ఒళ్లు దాన్ని పరాయిదిగా తోసేయకుండా టాక్రోలిమస్ లాంటి మందులు అది పనిచేసినన్నాళ్లూ వేసుకోవాలి. ఆ టాక్రోలిమస్సే కొందరిలో పొటాషియం పెంచుతుంది. అందుకే తోటలో కాసిన బొండమైనా, రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు సరేనన్నాకే కొట్టాలి.