షా-1 పేరుకు సరే, సంతకానికి కాదు

2014 జులైలో గూగుల్ డొమైన్ల పేరిట మన ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) నుంచి అనధికార సర్టిఫికెట్లు వెలువడ్డాయని బయటపడింది. గూగుల్ జులై 2న హెచ్చరించింది. మర్నాటికల్లా ఎన్‌ఐసీ మధ్యస్థ సర్టిఫికెట్లన్నీ రద్దయ్యాయి. రద్దు చేయడం ఒక ఎత్తు, ఆ సంగతి బ్రౌజర్లకు చేరడం మరో ఎత్తు. అందుకు ఉన్న దారుల్లో ఓసీఎస్‌పీ (ఆన్‌లైన్ సర్టిఫికెట్ స్టేటస్ ప్రోటోకాల్) ఒకటి. ఈ సర్టిఫికెట్ ఇంకా చెల్లుతుందా అని అడిగితే, సర్వర్ సంతకం చేసిన జవాబిస్తుంది.

ఈ చిన్న సంభాషణలో హ్యాష్, అంటే డేటా నుంచి లెక్కగట్టే పొట్టి గుర్తు, రెండుచోట్ల తగులుతుంది. ప్రశ్నలో, జారీ చేసిన సంస్థ పేరు, దాని పబ్లిక్ కీ రెండూ హ్యాష్‌లుగా మారి సీరియల్ నంబరుతో కలిసి వెళ్తాయి. జవాబులో, సంతకం హ్యాష్ మీదే పడుతుంది. దస్తావేజులో సర్వే నంబరు రాయడం వేరు, కింద వేలిముద్ర వేయడం వేరు. షా-1 అనే పాత హ్యాష్ పద్ధతి కనిపిస్తే చాలు, ఈ రెంటినీ ఒకే గాటన కట్టేసి కంగారుపడేవాళ్లకు కొదవ లేదు.

2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే షా-1 హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను చూపించారు. అయితే ఆ రెండూ వాళ్లు అల్లుకున్నవే. ముందే ఉన్న ఇంకొకరి కీకి సరిపోయే హ్యాష్‌తో మరో కీ పుట్టించడం వేరే లెక్క. ఆ దారి ఇంతవరకూ బయటపడలేదు. కాబట్టి ప్రశ్నలో షా-1 కొంప ముంచదు. సంతకంలో ముంచగలదు: ఒక పాఠానికి చేయించుకున్న సంతకాన్ని దాని జంట పాఠానికి అంటించేయొచ్చు. అందుకే ఓసీఎస్‌పీ జవాబులపై షా-1 సంతకాలను సర్టిఫికెట్ సంస్థల, బ్రౌజర్ కంపెనీల ఉమ్మడి వేదిక 2022 జూన్ 1 నుంచి నిషేధించింది.

మరి ప్రశ్నలోనూ షా-1 బదులు మరింత బలమైన షా-256 పెట్టేస్తే పోలా? అక్కడే చిక్కు. 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5019 ప్రమాణం ప్రశ్నకు షా-1నే తప్పనిసరి చేసింది. చాలా సర్వర్లు జవాబులను ముందే సంతకం చేసి దాచుకుంటాయి; కొత్త హ్యాష్‌తో అడిగితే ఆ దాచిన జవాబు దొరక్క 'అనుమతి లేదు' అని తిప్పి పంపే సర్వర్లూ ఉంటాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఏమీ చెప్పకపోతే ప్రశ్న షా-1తోనే వెళ్తుంది. షా-256 కావాలంటే ఆ ఆప్షన్‌ను సర్టిఫికెట్ ఫైలు పేరుకు ముందే రాయాలి. వెనక రాస్తే దానికి వర్తించదు. సర్వర్ నడిపేవాళ్లు రెండు హ్యాష్‌లనూ అంగీకరించి, అడిగిన హ్యాష్‌తోనే జవాబివ్వడం మేలు. లేకపోతే అడిగిన ప్రోగ్రాం ఆ జవాబు తనదేనని గుర్తుపట్టలేదు.

సర్టిఫికెట్లు జారీ చేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2025 ఆగస్టులో ఓసీఎస్‌పీ సర్వర్లను మూసేసి, రద్దు జాబితాలకే పరిమితమైంది. ఎవరు ఏ సైటు చూస్తున్నారో ప్రశ్నల ద్వారా తమకు తెలిసిపోవడం ప్రధాన కారణమని చెప్పింది. ఆ జాబితాల్లో ఉండేవి సీరియల్ నంబర్లే కనుక, ప్రశ్నలో ఏ హ్యాష్ పెట్టాలన్న తగువే అక్కడ లేదు.