ట్రాక్టరు చక్రములకు స్పేసర్లు – అమర్చు విధానము, మన్నిక

ప్రత్తి, మొక్కజొన్న, మిరప పైరులలో ట్రాక్టరుతో అంతరకృషి చేయు రైతులు పెరుగుచున్నారు. కూలీలు దొరకని రోజులలో ఇది తప్పనిసరి కూడా. కాని ట్రాక్టరును చేనిలోనికి దింపినపుడు చక్రము సాళ్ల నడుమ పోక మొక్కలను త్రొక్కుట చాలమందికి ఎదురగు చిక్కు. దీనికి విరుగుడుగా హబ్బునకు, చక్రమునకు మధ్య ఒక ఇనుప బిళ్లను పెట్టించి చక్రమును వెలుపలికి జరుపుచున్నారు. ఈ బిళ్లనే స్పేసరు అందురు. ఇది పనికివచ్చు సాధనమే. కాని సరిగా బిగింపనిచో చక్రము ఊడి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున స్పేసరు ఎప్పుడు అవసరము, దానిని ఎట్లు అమర్చవలెను, ఎంతవరకు నమ్మవచ్చును అను సంగతులు తెలిసికొనుట మంచిది.

ముందు కొలత, తరువాత కొనుగోలు

ఒక టైరు నడిమి నుండి రెండవ టైరు నడిమి వరకు గల దూరమే చక్రముల ఎడము. ఈ ఎడము సాళ్ల దూరమునకు సరియైన రెట్టింపుగానో, మూడింతలుగానో ఉండవలెను. ప్రత్తి 90 సెం.మీ. సాళ్లలో వేసినచో ఎడము 180 సెం.మీ. ఉండవలెను. మొక్కజొన్న 60 సెం.మీ. సాళ్లలో వేసినచో 120 గాని 180 గాని సరిపోవును.

12.4-28 టైరు వెడల్పు సుమారు 31 సెం.మీ. 60 సెం.మీ. సాళ్ల నడుమ ఇది సరిగా మధ్యన నడిచినచో ఇరువైపుల 14 సెం.మీ.లకు పైగా ఖాళీ ఉండును. ఎడము 10 సెం.మీ. తగ్గినచో ఒక్కొక్క చక్రము 5 సెం.మీ. లోపలికి జరిగి, ఆ వైపు ఖాళీ 9 సెం.మీ.ల చిల్లరకు దిగును. ఆ తరువాత మొక్క నలుగుటకు నడకలో కొద్ది వంకర చాలును. ఈ లెక్కను విత్తుటకు ముందే చూచుకొనవలెను. మొలచిన పైరు మన కొరకు జరుగదు.

మీ చక్రములోనే ఉన్న సదుపాయము

చాల ట్రాక్టర్లలో వెనుక చక్రము రిమ్ము, డిస్కు అను రెండు భాగములుగా ఉండును. రిమ్మును, డిస్కును త్రిప్పి బిగించుట ద్వారా ఎడమును అంచెలంచెలుగా మార్చవచ్చును. చాల నమూనాలలో ఒక్కొక్క అంచె 10 సెం.మీ. మీ ట్రాక్టరు పుస్తకములో ఈ పట్టిక ఉండును. దీనికి స్పేసరు అక్కరలేదు, ఇరుసు పైన తయారీదారు ఎంచిన బరువు మారదు. త్రిప్పిన తరువాత టైరు ప్రక్కనున్న బాణపు గుర్తు ముందుకు నడుచు దిశనే చూపుచున్నదో లేదో గమనింపుడు. ముందు ఇరుసును కూడ అదే ఎడమునకు జరుపుడు.

ఈ సదుపాయము లేని ట్రాక్టరునకు, లేదా ఇది చేసిన పిదప కూడ కొద్ది తేడా మిగిలినపుడు మాత్రమే స్పేసరును గూర్చి ఆలోచింపవలెను.

బరువును మోయునది ఏది?

ఎడ్లబండిలో చక్రమును ఇరుసు మోయును. చీల అది ఊడకుండ ఆపును. ట్రాక్టరు చక్రము సంగతి వేరు. నట్లు బిగించినపుడు డిస్కు హబ్బునకు గట్టిగా అదుముకొనును. ఆ రాపిడి పట్టే చక్రమును జారనీయదు. నట్టు వదులైనచో పట్టు పోవును, డిస్కు అటునిటు కదలును, బోల్టులు కోతకు గురియై ఒకటి తరువాత నొకటి తెగును. స్పేసరు పెట్టినచో ఒకటికి బదులు రెండు అతుకులు ఏర్పడును. ఆ రెంటిని కాపాడుటయే స్పేసరు మన్నికలోని కిటుకు.

స్పేసర్లు రెండు రకములు. మొదటిది పలుచని పళ్లెము. పాత బోల్టులే దానిగుండా పోవును. దీనివలన నట్టునకు దొరకు మర తగ్గును. బోల్టు లావెంతయో నట్టు కనీసము అంత మేర మరపై ఎక్కవలెను. మర అంతరము 1.5 మి.మీ. గల 16 మి.మీ. బోల్టుకు ఇది సుమారు 11 చుట్లు. అంతకు తగ్గినచో పొడవు బోల్టులు వేయింపుడు, లేదా స్పేసరు మానుడు. రెండవ రకము దళసరిది. దానిని హబ్బునకు బిగించి, దాని సొంత బోల్టులకు చక్రమును బిగింతురు. ఇందులో లోపలి నట్లు చక్రము చాటున ఉండును. చక్రము విప్పిననే గాని వాటిని పరీక్షింపలేము.

అమర్చు విధానము

1. ఒకే ఉక్కు ముక్క నుండి మలచిన స్పేసరునే వాడుడు. అతుకు వేసినది, రెండు కలిపి పెట్టినది, వాషర్లు పేర్చినది పనికిరావు.

2. స్పేసరు నడిమి రంధ్రము హబ్బు మీద ఆటలేకుండ కూర్చొనవలెను.

3. సమతలమున బండి నిలిపి, మిగిలిన చక్రములకు అడ్డు పెట్టి, జాకీతో పాటు గట్టి దిమ్మెను ఆధారముగా ఉంచుడు. నీరు నింపిన టైరు మిక్కిలి బరువు, ఒంటరిగా దింపరాదు.

4. హబ్బు, స్పేసరు, డిస్కు ముఖములపై బురద, త్రుప్పు, రంగు లేకుండ తీగ బ్రష్షుతో గీకుడు. వాటి మధ్య గ్రీజు పూయరాదు.

5. నట్లను ఎదురెదురుగా, విడతలుగా బిగింపుడు. చివరి బిగింపు పుస్తకములో చెప్పిన మేరకు టార్క్ రెంచితో చేయవలెను.

6. మొదటి గంట పని తరువాత, తిరిగి 10 గంటల తరువాత, పిమ్మట ప్రతి వారము బిగువు చూడవలెను. దళసరి రకమైనచో మొదటి 10 గంటల తరువాత చక్రము విప్పి లోపలి నట్లు కూడ చూడుడు.

ఎంతకాలము నమ్మవచ్చును?

ఒక వెనుక చక్రముపై 600 కిలోల బరువున్నదనుకొనుడు. దానిని 5 సెం.మీ. వెలుపలికి జరుపుట, మీటరు పొడవు కర్ర కొనకు 30 కిలోల మూటను వ్రేలాడదీయుటతో సమానము. ఈ అదనపు వంపు ఇరుసు బేరింగుపై ఎల్లప్పుడు ఉండును. పై టైరు కిలోమీటరుకు సుమారు 250 సార్లు తిరుగును. 2 మీటర్ల వెడల్పు పనిముట్టుతో ఎకరము సేద్యమునకు ట్రాక్టరు సుమారు 2 కిలోమీటర్లు నడుచును. అనగా నూరు ఎకరములకు 50 వేల చుట్లు. వదులైన బోల్టు ప్రతి చుట్టునకు అటునిటు వంగును. తీగను మరల మరల వంచినచో తెగుట మీరెరిగినదే.

ఒక గ్రామమున పైరు పని ముగిసినను స్పేసర్లు తీయకుండ ధాన్యపు ట్రాలీ లాగిన ట్రాక్టరును మేము చూచితిమి. వెలుపలి నట్లు బిగువుగనే ఉన్నవి. చాటుననున్న లోపలివి వదులై, దారిలో చక్రము ఊడినది. బండి నెమ్మదిగా పోవుటచే నడుపువాడు బ్రతికెను. కనుక అంతరకృషి ముగియగనే స్పేసర్లు తీసి, శుభ్రపరచి దాచుట ఉత్తమము. దమ్ము చేసిన తరువాత బురద అతుకులలో చేరును. అప్పుడు తప్పక విప్పి చూడవలెను.

నట్టు చుట్టు ఎర్రని త్రుప్పు చార, రంధ్రము అంచున క్రొత్త మెరుపు, కోలగా మారిన రంధ్రము, పాడైన మర, హబ్బు నుండి నూనె కారుట – ఇవి ప్రమాద సూచనలు. పగిలిన, కోలబారిన స్పేసరును బాగుచేయింపక పారవేయుడు. నట్టు మీదుగా డిస్కు వరకు రంగుతో ఒక గీత గీసినచో, నట్టు కదలిన మరుక్షణమే గీత విరిగి కనబడును.

కార్లకు కూడ సూత్రము ఇదే. కాని కారు చక్రము చిన్నది, కిలోమీటరుకు 500 సార్లు తిరుగును, వేగమును ఎక్కువ. అందము కొరకు మాత్రమే స్పేసరు వేయించుట తగదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమైన మార్పులను నిషేధించుచున్నది.

స్పేసరు చెడ్డది కాదు. మరచిపోబడిన స్పేసరు చెడ్డది. ముందు కొలువుడు, చక్రమును త్రిప్పి చూడుడు, తప్పనిచో స్పేసరు వేయుడు. వేసిన పిమ్మట వారమునకొకసారి రెంచి చేత పట్టుడు. ఆ పది నిమిషముల శ్రమ పైరును, మనిషిని కూడ కాపాడును.