ఇంజిన్ +2 చూపిస్తే గెలిచేసినట్టేనా?

టీసీఈసీలో స్టాక్‌ఫిష్, లీలా చెస్ జీరో ఆడుతుంటే ఒక్కోసారి ఒకటి +2 చూపిస్తుంది, రెండోది సున్నా దగ్గరే కూర్చుంటుంది. నేను సేవ్ చేసుకునేది అలాంటి గేమ్‌లనే.

స్టాక్‌ఫిష్ 15.1 నుంచి +1 అంటే, రఫ్‌గా, ఇంజిన్ తనతో తానే ఆడితే గెలిచే చాన్స్ 50 శాతమని. అంటే అదొక అంచనా, అంతే. ఆ అంచనా బాగా బోల్తా పడేది 'కోట' పొజిషన్లలో. ఉదాహరణకి తెల్లకి హెచ్ ఫైల్‌లో బంటు, తెల్లగడుల బిషప్ ఉన్నాయనుకోండి. హెచ్8 నల్లగడి. నల్ల రాజు ఆ మూలకి చేరితే బిషప్ అతన్ని అక్కడి నుంచి కదిలించలేదు, గేమ్ డ్రా. ఇంత చిన్నదైతే ఇంజిన్‌కీ తెలుసు. ఏడు పావుల వరకు సిజీజీ టేబుల్‌బేస్‌లో కచ్చితమైన జవాబే ఉంది. బోర్డు నిండా పావులుండి దారులన్నీ మూసుకుపోయినప్పుడే అసలు చిక్కు.

నేను చూసేది ఒక్కటే: స్కోరు పెరుగుతోందా, లేక ఏనుగు అటూ ఇటూ తిరుగుతున్నా +2 అలాగే ఉందా? కదలకపోతే కోటేమో అని అనుమానించాలి. 50 ఎత్తుల రూల్ ఉంది కాబట్టి గెలవాలంటే ఎప్పుడో ఒక బంటు తొయ్యాలి, లేదా ఏదైనా పావు కొట్టాలి. అలాంటి ఎత్తులు మామూలుగా రెండో మూడో ఉంటాయి. ఒక్కొక్కటీ చేత్తో ఆడి, ఇంజిన్‌ని కాసేపు ఆలోచించనిచ్చి, మళ్లీ వెనక్కి రండి. చూసిందంతా హ్యాష్ మెమరీలో ఉంటుంది కాబట్టి పాత పొజిషన్ స్కోరు కూడా మారొచ్చు. ఫోన్‌ని గంటసేపు వేడెక్కించడం కంటే ఇదే నయం. యాప్‌లో హ్యాష్ సైజ్ మాత్రం కాస్త పెంచుకోండి.