దిగబడిన ట్రాక్టరుకు దుంగ కడితే ప్రాణానికే ముప్పు

పెద్దారవీడు: వాన పడితే నల్లరేగడి చేలల్లో ట్రాక్టరు దిగబడటం రైతులకు కొత్త కాదు. అయితే దాన్ని పైకి తీసే తొందరలో వెనుక చక్రాలకు దుంగ కట్టి గేరు వేయటం ప్రమాదకరం. చక్రం తిరగలేనప్పుడు ఇంజను బలం ముందుభాగాన్నే పైకి లేపుతుంది. రెప్పపాటులో బండి వెల్లకిలా డ్రైవరుపై పడుతుంది.

బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే గట్టినేలపై ఉన్న రెండోది కదలకపోవటానికి కారణం డిఫరెన్షియల్. మలుపుల్లో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగటానికి పెట్టిన ఈ ఏర్పాటు బురదలో ఎదురుతిరుగుతుంది. పట్టులేని చక్రమే తిరుగుతుంది. బండి ఆపి డిఫరెన్షియల్ లాకు తొక్కితే రెండూ కలిసి తిరుగుతాయి. లాకు తీయకుండా మలుపు తిప్పరాదు.

అప్పటికీ కదలకుంటే ట్రాలీ విప్పి, చక్రాల వెనుక మట్టి తవ్వి, రాళ్లో పత్తికట్టో పరచి నిదానంగా వెనక్కి నడపాలి. మరో ట్రాక్టరుతో లాగిస్తే, లాగే బండికి గొలుసును ఇరుసుకంటే కిందనున్న కొక్కేనికే తగిలించాలి.

నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరు రేగడిలో మేలే గాని ధర ఎక్కువ. రోడ్డెక్కినప్పుడు ముందు చక్రాల లాగుడు తీసేయకుంటే టైర్లు త్వరగా అరుగుతాయి. ఎర్రనేలల సేద్యానికి, ట్రాలీ పనులకు మామూలు ట్రాక్టరు చాలు. ఏ బండి అయినా చక్రం ఊరికే తిరగటం మొదలుకాగానే ఆపేస్తే సగం కష్టం తప్పుతుంది.