పర్యావరణ, ఆరోగ్య ప్రమాదాల పరిశోధన – ప్రాధాన్య నిర్ణయం: నల్లగొండ, ఉద్దానం ఉదాహరణలు

ఉపోద్ఘాతం

పరిశోధనకు లభించే నిధులు, నిపుణులు, కాలం పరిమితం. అందువల్ల పర్యావరణ కారణాల వల్ల ఆరోగ్యానికి కలిగే అనేక ప్రమాదాలలో దేనిని ముందుగా పరిశోధించాలన్న ప్రశ్న తప్పదు. ‘ఎక్కువ హాని కలిగించేదానిని’ అన్న సమాధానం సహజంగా తోస్తుంది. అయితే ప్రమాద తీవ్రత, పరిశోధన ఆవశ్యకత ఒకటి కావు. పరిశోధన ఫలితం చేపట్టవలసిన చర్యను మార్చగలదా అన్నదే ప్రాధాన్య నిర్ణయానికి కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ప్రమాదాల శ్రేణీకరణ

ఈ దిశలో తొలి ప్రధాన ప్రయత్నాలలో ఒకటి 1987లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వెలువరించిన ‘అన్‌ఫినిష్డ్ బిజినెస్’ నివేదిక. అందులో నిపుణులు 31 పర్యావరణ సమస్యలను తులనాత్మకంగా అంచనా వేశారు. సంస్థ ప్రాధాన్యాలు నిపుణుల అంచనాలకన్నా ప్రజాభిప్రాయానికే దగ్గరగా ఉన్నాయని తేల్చారు. అయితే తగిన దత్తాంశాలు లేనిచోట వారు తమ వివేచనపైనే ఆధారపడవలసి వచ్చింది. శ్రేణీకరణ ఏది పెద్ద ప్రమాదమో సూచించగలదు. ఆ ప్రమాదం గురించి ఇంకా ఏమి తెలుసుకోవాలో చెప్పలేదు.

కారణం తెలిసిన వ్యాధి: నల్లగొండ

తాగునీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటాయని 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వైద్యులు నివేదించారు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాముకు మించరాదు. ప్రత్యామ్నాయ జలవనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పేరే స్థిరపడింది. ఆ పద్ధతిలో నీటి స్వభావాన్ని బట్టి పటిక మోతాదును మార్చాలి. మిగిలిన మడ్డిని సురక్షితంగా తొలగించాలి. కనుక ఇక్కడ కారణాన్ని మళ్లీ నిరూపించే అధ్యయనాలకన్నా సురక్షిత జలం నిరంతరాయంగా అందే విధానం, పోషకాహారం, ఇప్పటికే వైకల్యం పొందినవారి పునరావాసం వంటి అంశాలే ముందుండాలి.

కారణం తేలని వ్యాధి: ఉద్దానం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం, అధిక రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేనివారిలోనూ దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విస్తృతంగా కనిపిస్తోంది. మధ్య అమెరికా చెరకు కూలీలలో, శ్రీలంక రైతులలో ఇటువంటి వ్యాధినే గుర్తించారు. ఎండలో శ్రమ, నిర్జలీకరణం, పురుగుమందులు, నీటిలోని ఖనిజాలు, జన్యు కారణాలు పరిశీలనలో ఉన్నాయి. కారణాన్ని బట్టి చర్య మారుతుంది: శ్రమ అయితే విరామం, నీడ, నీరైతే జలవనరు మార్పు, పురుగుమందులైతే వాటి నియంత్రణ. అందువల్ల ఇక్కడ కారణాన్వేషణకే అగ్రస్థానం దక్కాలి.

అయితే కారణం తేలేవరకు చర్య ఆగనవసరం లేదు. వంశధార జలాలను ఈ ప్రాంతానికి అందించే పథకం 2023లో ప్రారంభమైంది. నీరు అందిన, అందని గ్రామాలలో ఆరోగ్యవంతుల మూత్రపిండాల పనితీరును ఏళ్ల తరబడి పోల్చి చూస్తే ఆ చర్యే పరిశోధనగానూ ఉపకరిస్తుంది.

ముగింపు

ప్రాధాన్యాలను నిర్ణయించేటప్పుడు హాని పరిమాణంతోపాటు తెలియని అంశం ఏది, అది తెలిస్తే ఏ నిర్ణయం మారుతుంది, ఆ ఫలితం ఎవరికి ఉపయోగపడుతుంది అన్న ప్రశ్నలు వేసుకోవాలి. కొలతలే జరగని ప్రాంతంలో ప్రమాదం లేనట్లే కనిపిస్తుంది. అటువంటి ప్రాంతాలలో ప్రాథమిక కొలతలను చేపట్టడం కూడా తొలి ప్రాధాన్యాలలో ఒకటి కావాలి.